రెండున్నర శతాబ్దాల వెనక్కి!

అమెరికాలోని వర్జీనియాలో నాలుగో తరగతి పిల్లలకు ఆ రాష్ట్ర చరిత్రే పాఠం. పుస్తకంతో సరిపెట్టకుండా చాలా బళ్లలో ఏడాదికో రోజు ‘కలోనియల్ డే’ చేస్తారు. ఇంగ్లండ్ ఏలుబడిలో జనం ఎలా బతికారో పిల్లలే చేసి తెలుసుకోవాలన్నమాట. మా మనవరాలి బళ్లో ఆ సందడి చూడ్డానికి నేనూ వెళ్లాను.

ఓ బల్ల దగ్గర పక్షి ఈకను సిరాలో ముంచి రాస్తున్నారు. ఇంకో చోట ఒత్తిని కరిగిన మైనంలో ముంచడం, ఆరనివ్వడం, మళ్లీ ముంచడం... ఎన్నిసార్లు ముంచినా చిటికెన వేలంత లావు కాదే! ‘‘ఒక్క కొవ్వొత్తికి ఇంత పనా అమ్మమ్మా!’’ అని మా పిల్ల నిట్టూర్చింది. పక్కనే మీగడ పోసిన సీసాను వంతులేసుకుని ఊపుతున్నారు. కాసేపటికే చేతులు పీకుతున్నాయని గోల. కవ్వంతో తెల్లారే చల్ల చిలికినదాన్ని, నాకు నవ్వాగలేదు. మనింట్లో మొన్నమొన్నటి పని అక్కడ చరిత్ర!

ఆ వారాంతమే విలియమ్స్‌బర్గ్ వెళ్లాం. 1699 నుంచి 1780 దాకా వర్జీనియాకి రాజధాని అది. 1926లో రాక్‌ఫెల్లర్ డబ్బుతో పాత ఊరిని తిరిగి నిలబెట్టడం మొదలుపెట్టారు. 301 ఎకరాలు. కమ్మరి కొలిమి, అచ్చు యంత్రం, గుర్రబ్బండ్లు... పనివాళ్ల దుస్తులూ ఆనాటివే. నడిచి నడిచి కాళ్లు పడిపోతాయి గానీ విసుగు పుట్టదు.

అయితే స్వాతంత్ర్య పోరాటం నాటికి ఈ ఊరి జనంలో సగానికి పైగా నల్లవారే. దాదాపు అందరూ బానిసలు. ఎన్నో ఇళ్లలో వెన్న తీసినవీ, కొవ్వొత్తులు చేసినవీ వాళ్ల చేతులే. బళ్లో ఆ ఊసే రాలేదు. 1994లో ఇక్కడ బానిసల వేలం పాటను నటించి చూపిస్తే నిరసనలు వచ్చాయి. చూడ్డానికి కష్టమే. చూపకపోతే మాత్రం ఆ కొవ్వొత్తుల కథ సగమే.

2023లో ఈ పాత ఊళ్లోకి ఓ చెక్క ఇంటిని తరలించారు. అదే బ్రే స్కూలు. నల్లజాతి పిల్లల కోసం 1760లో మొదట ఆ ఇంట్లోనే బడి తెరిచారు. 1774 దాకా నడిచిన ఆ బడికి యాన్ వేజర్ పంతులమ్మ. చదవడం, ప్రార్థనలు, ఆడపిల్లలకు కుట్టుపని... వీటితోపాటు యజమానికి అణిగి ఉండడమూ పాఠమే! అక్షరం వచ్చినవాళ్లు అణిగే ఉంటారని ఎలా అనుకున్నారో మరి.

‘‘అప్పుడు మనం ఇక్కడుంటే నన్ను ఏ బళ్లో వేసేవాళ్లు?’’ అని మనవరాలు గుమ్మంలోనే అడిగింది. వాళ్లమ్మ నావైపు చూసింది. నేను పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి నడిచాను.