రెండు బండ్లలో అనంతగిరి కనుమ

గడచిన కార్తికమాసమున మేము విశాఖపట్టణమునుండి అరకులోయకు పోయి వచ్చితిమి. ఈ దారిని గూర్చి వ్రాయనివారు లేరు. బొఱ్ఱా గుహలను, వలిసెపూల పసుపును, గాలికొండ మంచును వర్ణించిన వ్యాసములు మన సోదరీమణులు పెక్కు చదివియే యుందురు. కావున వానిని మరల వర్ణింపబూనము. మేము పోయిన పని వేఱు. రెండు కార్లను పరీక్షించి, వానిలో నేది కొనవలయునో తేల్చుకొనుటకు పోయితిమి.

కారణ మిది. మా అక్కయ్య ముప్పది సంవత్సరములు ఆ కొండలలో ఉపాధ్యాయినిగా పనిచేసి, ఉద్యోగము విరమించిన పిమ్మటగూడ సుంకరమెట్ట సమీపముననే చిన్న యిల్లు కట్టుకొని యున్నది. బావగారు గతించి నాలుగేండ్లయినది. పట్టణమునకు రమ్మని యెంత పిలిచినను రాదు. కనుమదారిలో ఆమెకు వాంతులగును, అదియొక సాకు. మొన్నటి ఆషాఢమున ఆమెకు జ్వరము తగిలి మూడు దినములు మంచము దిగలేదు. ఆ కబురు మాకు రాత్రి పదిగంటలకు తెలిసినది. ఇంట కారు గలదు, కాని అది గేరుబండి. రెండేండ్లక్రిందట మా యెడమమోకాలికి శస్త్రచికిత్స జరిగినది మొదలు క్లచ్చు త్రొక్కుట మా వలన కాదు. మావారికి రాత్రిచూపు మందము. కుదుర్చుకొన్న డ్రైవరు తెల్లవారువఱకు ఫోను తీయలేదు. రైలున్నది, బస్సులున్నవి, జ్వరమునకు మాత్రము వాని వేళలు తెలియవు గదా! మఱునాటి మధ్యాహ్నమునకు గాని చేరలేకపోతిమి. అప్పటికి పొరుగింటి యిల్లాలు గంజి కాచి పోసి అక్కయ్యను లేపి కూర్చుండబెట్టియుండెను. అక్కయ్య మమ్మొక మాటయు ననలేదు. ఏమైన ననియున్నచో మాకు కొంత తేలికగా నుండెడిది.

క్లచ్చులేని బండి కొనవలెనని ఆనాడే నిశ్చయించుకొంటిమి. అట్టి బండ్లలో పెక్కు రకములు గలవు. గేరుబండికే యొక యంత్రహస్తమును తగిలించిన చౌకరకము గేరు మార్చునప్పుడెల్ల తల యూపించును. దానిని మొదటనే విడిచితిమి. మిగిలినవానిలో మా కందుబాటున నున్నవి రెండు. మా మరదలికి సి.వి.టి. యను చిన్న పెట్రోలు కారు గలదు. అక్కయ్య కుమారునికి పాతపద్ధతి ఆటోమేటిక్ గేర్లు గల పెద్ద డీసెలు బండి గలదు. అతడు కార్తికపు సెలవులకు హైదరాబాదునుండి ఆ బండిమీదనే వచ్చెను. "పిన్నీ, మాటలతో తేలదు. రెంటిని నీవే నడిపి చూడుము" అని తాళము మా చేతిలో పెట్టెను.

ఈ రెంటికిని భేద మేమని చదువరు లడుగవచ్చును. మన యిండ్లలోని కుట్టుమిషను తలచుకొనుడు. క్రింద పెద్దచక్రము, పైన చిన్నచక్రము, నడుమ తోలు బెల్టు. పెద్దది యొక చుట్టు తిరుగునప్పటికి చిన్నది పలుచుట్లు తిరుగును. మనము కుట్టుచుండగనే పెద్దచక్రము మెల్లగా చిక్కుచు, చిన్నది మెల్లగా లావగుచుండునని యూహింపుడు. సి.వి.టి. అనగా అంతియే. రెండు గరాటులను మొనలు కలిపి పెట్టినట్లు ఒక్కొక్క చక్రమునందును రెండేసి పళ్లెరము లుండును. అవి దగ్గఱకు జరిగినచో బెల్టు అంచునకెక్కును. ఎడమైనచో లోనికి దిగును. అందుచే మొదటి గేరనియు రెండవ గేరనియు మెట్లు లేవు. మెట్లస్థానమున ఏటవాలు బల్ల యున్నదన్నమాట. కారు చక్రములను త్రిప్పవలెనన్న తోలు చాలదు గనుక, ఉక్కు పలుకులను వరుసగా కూర్చిన బెల్టును వాడుదురు.

దీనిని మొట్టమొదట విరివిగా అమ్మినవారు హాలెండు దేశస్థులు. ఐండ్‌హోవెను పట్టణమున వాన్ డోర్నె సోదరుల డాఫ్ కంపెనీ 1958లో చూపిన చిన్నకారులో రబ్బరు బెల్టు లుండెను. ఆ బండి ముందునకెంత వేగముగా పోగలదో వెనుకకు నంత వేగముగా పోగలదట! ఆ దేశమువారు దానితో వెనుకనడక పందెములు గూడ పెట్టుకొనిరి. ఉక్కు బెల్టు కార్లు 1987లో వచ్చినవి. మన దేశమున ఈ సూత్రము స్త్రీల చేతికే ముందు వచ్చినదని చెప్పవచ్చును. 1984లో వెలువడిన కైనెటిక్ హోండా స్కూటరులోను, పిదప వచ్చిన యాక్టివాలోను ఉన్న దిదియే, రబ్బరు బెల్టు మాత్రము భేదము. పిల్లలను బడికి దింపి, కూరలసంచి కాళ్లకడ పెట్టుకొని వచ్చు మన చెల్లెండ్రు ఏండ్లతరబడి సి.వి.టి.నే నడుపుచున్నారు, ఆ పేరు వారికెవరును చెప్పలేదు.

పాతపద్ధతి యిట్లు కాదు. మజ్జిగకుండలో కవ్వము త్రిప్పుచుండగా ఎదుట మఱియొక కవ్వమును దించినచో, మనము ముట్టకయే ఆ రెండవదియు తిరుగనారంభించును. ఇంజనునకును గేర్లకును నడుమ నూనెలో జరుగుచున్న పని యిట్టిదే. కావుననే క్లచ్చుతో పని లేదు. ఆపైన నడుమ సూర్యునివంటి పండ్లచక్రమొకటి, చుట్టును గ్రహములవంటి చక్రములు, వాని వెలుపల నొక కడియము. వీనిలో దేనిని బిగించి దేనిని వదలిన నొక్కొక్క గేరు పుట్టును. అమెరికాలో 1940 సంవత్సరపు ఓల్డ్స్‌మొబైల్ కార్లలో హైడ్రామాటిక్ అను పేర వచ్చినది ఈ జాతికి పెద్దక్క వంటిది. దానికి నాలుగు గేర్లు. మా వాని బండికి ఆఱు.

తెల్లవారుజామున అయిదు గంటలకు మరదలి కారులో బయలుదేరితిమి. పెందుర్తి దాటువఱకు ఆగుట, కదలుట, మరల నాగుట. ఇచ్చట సి.వి.టి.కి సాటి లేదని మా యభిప్రాయము. బ్రేకుమీదినుండి పాదము తీసినంతనే బండి మెల్లగా ప్రాకును. ఒడిలో నిదురించు పిల్లవానికిగూడ తెలియనట్లు వేగ మెక్కును, దిగును. మోకాలికి పని లేదు. రెండేండ్ల తరువాత చక్రము మా చేతి కబ్బినది. అందుచేత కొంత పొగడ్త యెక్కువైనచో చదువరులు మన్నింతురుగాక.

కొత్తవలస దాటిన పిమ్మట ఎదుట నొక లారీ యడ్డమైనది. దారి ఖాళీగా నుండగా దాటవలెనని పెడలు గట్టిగా త్రొక్కితిమి. ఇంజను పిండిమరవలె నొక్కపెట్టున హోరెత్తినది. బండి మాత్రము కదలనట్లే తోచినది. మేము కలవరపడి పాదము వెనుకకు తీసికొంటిమి. "వదినా, చెవితో నడుపకుడు, ముల్లు చూచి నడుపుడు" అని మరదలు నవ్వెను. రెండవసారి ముల్లు చూచితిమి. హోరు మారలేదు గాని వేగము ఏబదినుండి ఎనుబదికి ఎడతెగక పోయినది. గేరుబండిలో ధ్వనియు వేగమును కలసి పెరుగును, గేరు మారగానే ధ్వని తగ్గును; మన చెవులు దాని కలవాటుపడినవి. దీనిలో ఇంజను తనకు బలమధికముగా నుండు స్థానమునకు ముందే చేరి యచ్చటనే నిలిచియుండ, చక్రములు మెల్లగా దానిని కలిసికొనును. లోపము చాలవఱకు చెవిదే. అయినను పెడలు త్రొక్కిన క్షణమునకును ముందునకు దుమికిన క్షణమునకును నడుమ కొంచెమాలస్యము గలదు. లారీ దాటునపుడు ఆ కొంచెమును లెక్కలో నుంచుకొనక తప్పదు.

శృంగవరపుకోటలో ఇడ్డెనలు తిని, కాశీపట్నము దాటి కనుమ నెక్కితిమి. ఈ దారికి మలుపులు మెండు. మలుపుకడ వేగము తగ్గించి మరల పెడలు త్రొక్కగనే సి.వి.టి. ఏ తడబాటును లేక తనకు కావలసిన నిష్పత్తిని తీసికొని పైకి లాగినది, కుదుపన్నది లేదు. కాని నిట్రముగా నున్నచోట్ల ఆ హోరు మరల నారంభమై ఆగదు. నలుగురము కూర్చున్న చిన్నబండి. పైగా కార్తికభోజనముల సామగ్రి. పాదము కొంచెము వదలి, తొందరపడక పోనిచ్చినచో హోరు సగమై, వేగమేమంత తగ్గలేదు. ఈ బండికి కావలసినది ఓపిక గల పాదము.

డముకు వ్యూపాయింటుకడ బండ్లు మార్చుకొంటిమి. పెద్దబండిలో పెడలు త్రొక్కిన తోడనే వీపునకు తెలియును. ధ్వని, బలము, కదలిక మూడును కలసి వచ్చును. దీనితో ప్రాణము లేచివచ్చినట్లైనది. కాని నాలుగు మలుపులు తిరుగునప్పటికి దాని స్వభావమును బయటపడినది. నిట్రమునకు మూడవ గేరు చాలదు, రెండవది మిక్కిలి యగును. బండి యేది కావలెనో తేల్చుకొనలేక మూడునుండి రెండునకును, రెండునుండి మూడునకును మారుచు, మారినప్పుడెల్ల చిన్న కుదుపు. అక్కయ్య కుమారుడు లివరును ప్రక్కకు లాగి రెండవ గేరులోనే నిలిపి చూపెను. అంతటితో గొణుగుడు మానినది. తూకము చూచునపుడు మే మొకటి మఱువరాదు. డీసెలు బలమును, పెద్దబండి బరువును గేర్ల ఖాతాలో వేయుట న్యాయము కాదు. ఆ వెడల్పు బండితో మలుపులలో ఎదురు బస్సు వచ్చినప్పుడు మాకు చెమటలు పట్టినవనియు చెప్పవలెను.

గాలికొండ మంచులో పది నిమిషము లాగితిమి. అచ్చటినుండి దారి మెల్లగా లోయలోనికి దిగును. నీడచెట్లక్రింద కాఫీతోటలు, చెట్లకు ప్రాకిన మిరియాల తీగెలు. ఈ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. 2022 నుండి ఈ ప్రాంతము అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. అక్కయ్య మెట్లమీద నిలిచియున్నది. ఉసిరిచెట్టు క్రింది భోజనము, రాత్రి చలి, తెల్లవారిన కబుర్లు వ్రాయ నక్కఱలేదు. తోటికోడలి మనుమరాలి బారసాల నిమిత్తము అక్కయ్యయు మాతో కొండ దిగుట కొప్పుకొన్నది. ఆశ్చర్యమే.

కనుమ ఎక్కుట కన్న దిగుట కష్టము. దీనిని మేము పుస్తకములో చదివియుంటిమి. ఆనాడు ముక్కుతో తెలిసికొంటిమి. గాలికొండనుండి అనంతగిరివఱకు పెద్దబండిలో రెండవ గేరున దిగితిమి. ఇంజనే బండిని పట్టి యుంచినది. బ్రేకుతో పని స్వల్పము. కాని గేర్ల కుదుపుననో, బండి యూగుట వలననో అక్కయ్య యొకసారి దిగి వాంతి చేసికొన్నది. అనంతగిరికడ ఆమెను చిన్నబండిలోనికి మార్చి మేమే నడిపితిమి. లివరు 'డి' లోనే యుంచితిమి. అదియే మా తప్పు. వాలు వచ్చినకొలది సి.వి.టి. తన నిష్పత్తిని పెంచుకొని, ఇంజను సద్దుమణగి, బండి వదలిన గిత్తవలె ముందునకు జాఱును. మేము బ్రేకుమీద పాదమెత్తలేదు. డముకు చేరునప్పటికి కాలిన వాసన. పెడలు లోతునకు దిగిపోవుచున్నది. నోట తడి లేదు. వెనుక అక్కయ్య కన్నులు మూసికొని యుండెను.

ఎట్లో ప్రక్కకు తీసి యాపితిమి. చక్రములమీద నీరు పోయుదమని మరదలు సీసా తీయగా, అక్కయ్య కుమారుడు పరుగున వచ్చి ఆపెను. కాలిన ఇనుముపై చల్లనినీరు పడిన వంకరపోవునట. అరగంట ఊరక కూర్చుంటిమి. కోతులు మా అరటిపండ్లు తినిపోయినవి. పిమ్మట అతడు లివరును 'ఎల్' అను గుర్తునకు దింపి, "పిన్నీ, వాలున డి మఱచిపొమ్ము. ఇది హోరెత్తినను భయపడకుము, ఆ హోరే నిన్ను పట్టుకొనును" అనెను. అట్లే చేసితిమి. ఇంజను మరల పిండిమరయైనది. ఎక్కునపుడు విసుగు పుట్టించిన ఆ ధ్వనియే దిగునపుడు పుట్టింటివారి పిలుపువలె నుండెను. పెద్దబండి రెండవ గేరంత గట్టి పట్టు కాదు. నిట్రమైనచోట్ల బ్రేకును అప్పుడప్పుడు తాకి వదలవలసినదే. కాని చాలినది. వాసన మరల రాలేదు.

కాశీపట్నము చేరి వెనుదిరిగి చూచితిమి. అక్కయ్య నోరు తెఱచి గాఢముగా నిద్రించుచున్నది. ఆ కనుమదారిలో ఆమె నిద్రించుట మేమెన్నడు నెఱుగము.

కొండలోనే కాపురముండి దినమును ఎక్కి దిగువారు మమ్ము సలహా యడిగినచో పాతపద్ధతినే చూపుదుము. మాకు నెలలో ఇరువదియెనిమిది దినములు పట్టణపు రద్దీ, ఒకటి రెండు దినములు కనుమ. కావున సి.వి.టి.నే కొంటిమి. కొనునపుడు 'ఎల్' గుర్తున్నదా యని మొదట చూచి, రంగు పిమ్మట చూచితిమి. దుకాణములోని యువకునికి మా వరుస వింతగా తోచినది.

మార్గశిరమున మేమొక్కరమే బయలుదేరితిమి. మావారు వీధిగుమ్మముకడ నిలిచి, శృంగవరపుకోటనుండి ఒకసారి, అనంతగిరినుండి ఒకసారి ఫోను చేయుమనిరి; చేసితిమి. సుంకరమెట్ట చేరునప్పటికి ప్రొద్దు వాలినది. అక్కయ్య కంబళి కప్పుకొని బయటికి వచ్చి, బండి చుట్టును తిరిగి, ముందు ఖాళీగానున్న ప్రక్కసీటులోనికి తొంగిచూచి, "బండి యెవరు తెచ్చినారే?" అని యడిగి, మా సమాధానము వినకముందే కాఫీకి నీళ్లు పెట్టుటకు లోనికి పోయినది.