బేబీతాయి బడి

ఏప్రిల్ 14న మనందరి గోడలూ నీలమే. బాబాసాహెబ్ జయంతికి వేసిన దండలు ఎండేలోపే, సరిగ్గా వారానికి, ఏప్రిల్ 21 వస్తుంది. ఆ రోజు మన గోడల మీద పెద్దగా ఏమీ కనిపించదు. 2012లో అదే రోజున బేబీతాయి కాంబ్లే వెళ్లిపోయింది.

ఆత్మకథ రాసిన దళిత స్త్రీగా ఆమె పేరు యూనివర్సిటీ పిల్లలకు తెలుసు. సిలబస్‌లో ఉంటుంది, పరీక్షలో వస్తుంది. నేను మాత్రం ఈరోజు ఆమెను ఒక తల్లిగా, ఒక పంతులమ్మగా, మనందరికీ అమ్మమ్మ వరస అయ్యే మనిషిగా తలుచుకుంటున్నాను.

1929లో పుణె జిల్లా వీర్‌గావ్‌లో మహార్ కుటుంబంలో పుట్టింది. అమ్మమ్మగారింట్లో పెరిగింది. చదువుకున్న బడిలో మహార్ ఆడపిల్లల్ని విడిగా ఒక మూలన కూర్చోబెట్టేవారు. పదమూడేళ్లకే పెళ్లి చేశారు. పదిమంది పిల్లల్ని కన్నది, ముగ్గురు దక్కలేదు. సతారా జిల్లా ఫల్టణ్‌లో భర్తతో కలిసి చిన్న కొట్టు పెట్టింది. మొదట ద్రాక్షపళ్లు అమ్మారు, తర్వాత కూరగాయలు, ఉప్పూ పప్పూ.

పొట్లాలు కట్టడానికి కొట్లోకి పాత పేపర్లు వచ్చేవి. సరుకు కట్టే ముందు ఆ కాగితం చదివేది. అలా చదువు రుచి మరిగి లైబ్రరీలో చేరింది. భర్త సరుకులకని బయటికి వెళ్లినప్పుడు కొట్లో కూర్చుని రాయడం మొదలుపెట్టింది. తన వాడ ఎలా బతికిందో రాసింది. పొద్దు పొడవకముందే తిరగలి ముందు కూర్చునే చిన్న వయసు కోడళ్ల గురించి రాసింది. రాసిన కాగితాలు ఎవరి కంటా పడకుండా దాచింది. ఒకటీ రెండూ కాదు, ఇరవై ఏళ్లు దాచింది.

ఎవరి కంట పడకుండా? ఊరి పెద్దల కంట కాదు. మొగుడి కంట, కొడుకు కంట.

తమ్ముళ్లారా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. అది అంబేడ్కర్‌ను గుండెల్లో పెట్టుకున్న ఇల్లు. అయినా ఆ ఇంట్లో ఆడమనిషి కలం దాచుకోవాల్సి వచ్చింది. భర్త అనుమానంతో కొట్టేవాడని తర్వాత ఒక ఇంటర్వ్యూలో ఆమే దాపరికం లేకుండా చెప్పింది. అదేదో తన ఒక్కదాని ఖర్మ అన్నట్టు చెప్పలేదు, ఆ రోజుల్లో ఆడవాళ్లందరి బతుకూ అంతేనన్నట్టు చెప్పింది. పుస్తకంలోనూ ఇదే నిజాయితీ. ఊరు మనల్ని బానిసలుగా చూస్తే, మనం మన కోడళ్లను బానిసలుగా చూశామని మొహమాటం లేకుండా రాసింది.

ఫల్టణ్‌లో స్థిరపడ్డ పరిశోధకురాలు మాక్సిన్ బెర్న్‌ట్‌సెన్‌కు ఈ రాతల సంగతి తెలిసి, అచ్చు వేయించేలా చూసింది. 1982లో 'స్త్రీ' అనే మరాఠీ పత్రికలో వరసగా వచ్చాయి. 1986లో 'జిణం ఆముచం' పుస్తకమైంది. అంటే 'మా బతుకు' అని. 'నా బతుకు' అనలేదు చూడండి. మాయా పండిత్ దాన్ని ఇంగ్లీషు చేస్తే 2008లో మన హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఓరియంట్ లాంగ్‌మన్ వేసింది. మాకు చేరింది ఆ పుస్తకమే.

ఇంత చేసిన మనిషి అక్కడితో ఆగలేదు. ఫల్టణ్ దగ్గర నింబూరేలో వెనుకబడిన కులాల పిల్లల కోసం బడి నడిపింది. సావిత్రీబాయి ఫూలే పుట్టిన నాయ్‌గావ్ కూడా ఆ సతారా జిల్లాలోనిదే. తనను మూలన కూర్చోబెట్టిన చదువును పట్టుకుని, మూలన కూడా చోటు దొరకని పిల్లల్ని కూర్చోబెట్టడానికి ఆమె ఒక బడే కట్టుకుంది.

ఆ పుస్తకం చదువుతుంటే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. అమ్మ ఏడో తరగతి చదివింది. మా వాడలో డ్వాక్రా గ్రూపు లెక్కలన్నీ ఆమే రాసేది. వేలిముద్ర వేసే పదిమంది ఆడవాళ్లకు రాత్రి అన్నాలయ్యాక మా అరుగు మీద సంతకం నేర్పింది. వాళ్లలో మా అమ్మమ్మ కూడా ఉంది. తల్లికి కూతురే పంతులమ్మ. అరవై దాటిన అమ్మమ్మ పలక మీద తన పేరు రాసుకుని, చెరిపెయ్యడానికి మనసొప్పక, ఆ పలకను గూట్లో పెట్టుకుంది.

అదే రోజుల్లో నాన్న సంఘం మీటింగుల్లో మైకు పట్టుకుని చదువు గురించి మాట్లాడేవాడు. చాలా బాగా మాట్లాడేవాడు. మీటింగు అయ్యాక ఇరవై మంది మా ఇంటికి భోజనానికొచ్చేవారు. వాళ్లకు వండి పెట్టే పని అమ్మది. ఆ ఇరవై మందిలో ఒక్కరైనా, అరుగు మీద నువ్వు చేస్తున్న పనేమిటమ్మా అని అడగలేదు. మా సంఘం చరిత్ర అంటూ తర్వాత వేసిన కరపత్రంలో నాన్న పేరుంది, అమ్మ పేరు లేదు. నాన్న మీద నాకు కోపం లేదు. ఆ కరపత్రాన్ని మాత్రం అలాగే ఉండనివ్వను.

చదువుకుని పైకొచ్చినవాళ్లు వాడను మర్చిపోతున్నారని బేబీతాయికి బాధ ఉండేది. మర్చిపోవడమంటే వాడ వదిలి వెళ్లిపోవడం ఒక్కటే కాదని నాకనిపిస్తుంది. వాడలో ఉంటూనే మన తల్లుల పనిని పనిగా లెక్కెయ్యకపోవడం కూడా మర్చిపోవడమే.

పరీక్షలైపోయి ఇళ్లకు వెళ్తున్నారు కదా. ఈ సెలవుల్లో ఒక పని చెయ్యండి. అమ్మ దగ్గర, అమ్మమ్మ దగ్గర, నాయనమ్మ దగ్గర కూర్చోండి. నీకు అక్షరం ఎవరు నేర్పారు, నువ్వు ఎవరికి నేర్పావు అని అడగండి. ఫోన్‌లో రికార్డు చెయ్యండి, తేదీ వేసి పేరు రాసి పెట్టండి. ఇంట్లో పాత పెట్టె ఉంటే, అమ్మను అడిగి, ఆమె చేతే తెరిపించండి. అందులో ఒక నోటుబుక్కు ఉండొచ్చు. బేబీతాయి కాగితాలు బయటికి రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. మన ఇళ్లలోని కాగితాలకు అన్నేళ్లు పట్టకూడదు.

జై భీమ్. జై సావిత్రీ.