30 రియాళ్ల టిక్కు

రియాద్, 2022 నవంబర్ 2, బుధవారం

ట్విట్టర్‌లో నీలం టిక్కుకు ఇక నెలకు 8 డాలర్లట. మస్క్ కంపెనీ కొని వారం కూడా కాలేదు. మన లెక్కలో 30 రియాళ్లు. ఆయన తర్వాత పెద్ద వాటా ఇక్కడి రాజకుమారుడు అల్వలీద్ బిన్ తలాల్‌దేనట. డ్యూటీకి పోతుంటే బస్సులోంచి రోజూ కనిపించే కింగ్‌డమ్ టవర్ ఆయనదే.

2016 గుర్తొచ్చింది. సౌదీ ఓజర్ కంపెనీలో జీతాలు ఆగి జెద్దాలో మనవాళ్లు పస్తులున్నారని ఒకాయన ట్వీట్ పెడితే అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ గారే జవాబిచ్చారు. 10 వేల మందికి పైగా తిండికి అల్లాడుతున్నారని ఆమే రాశారు. కాన్సులేట్ వాళ్లు, అక్కడి మనవాళ్లు కలిసి తిండి సరుకులు పంచారు. ఆ రాత్రి మా రూములో ఎనిమిది మందిమి ఒక్క ఫోను చుట్టూ కూర్చున్నాం. ఆమె పేరు పక్కన టిక్కు చూసి, 'అసలు మంత్రే' అన్నాడు నిజామాబాద్ తమ్ముడు. అప్పుడు గానీ మాకు ధైర్యం రాలేదు.

2023 ఫిబ్రవరి 3, శుక్రవారం

టిక్కు అమ్మకం సౌదీకీ వచ్చింది. ఐడీ అడగరు. ఫోన్ నంబరు, డబ్బు ఉంటే చాలు. మొన్న నవంబర్‌లో అమెరికాలో ఎవరో టిక్కు కొనుక్కుని, ఎలీ లిల్లీ కంపెనీ పేరుతో ఇన్సులిన్ ఉచితమని రాశారు. అసలు కంపెనీ క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. మా నాన్న ఇన్సులిన్ సీసా ఫ్రిజ్ తలుపులో ఉంటుంది. అది తెచ్చిన రోజు అమ్మ లెక్క రాసుకోవడం నాకు తెలుసు. ఆ మాట చదివి నిజమేననుకున్న మనిషి ఎంత ఆశపడి ఉంటాడో!

2023 ఏప్రిల్ 21, శుక్రవారం, రంజాన్

తెల్లారేసరికి పాత టిక్కులన్నీ పీకేశారు. ఎవరో విచారించి ఇచ్చినవి పోయాయి, కొన్నవి మిగిలాయి. ప్రభుత్వ ఖాతాలకు మాత్రం బూడిద రంగుది ఇచ్చారు. నమాజు నుంచి వచ్చిన కరీంభాయ్ సేమ్యా పెడితే, తింటూనే క్యాంపు పిల్లలకు చెప్పాను: ఎంబసీకి రాసేటప్పుడు నీలం కాదు, బూడిద రంగు చూడండని.

2023 జూన్ 9, శుక్రవారం

మొన్న ఇండియాలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ టిక్కు కూడా అమ్మకానికి పెట్టారు. నెలకు 699 రూపాయలు. వాళ్లు ఐడీ అయినా చూస్తారు. కానీ ఐడీ మనిషెవరో చెబుతుందే తప్ప, ఆయన చేతిలో మనుషులను విదేశాలకు పంపే లైసెన్సు ఉందో లేదో చెప్పదు. ఎక్కువ పొడుగు రాసుకోనివ్వండి, వీడియోలు పెట్టనివ్వండి, డబ్బు తీసుకోండి. 'ఇతడు నమ్మదగినవాడు' అని పల్లెల్లో జనం చదువుకునే గుర్తును మాత్రం అమ్మకూడదు.

ఇక్కడ రియాద్‌లోని బత్హాలో జగిత్యాల పిల్లవాడొకడు కలిశాడు. డ్రైవర్ వీసా అని తెచ్చి ఊరవతల గొర్రెల మంద దగ్గర పడేశారు. ఫోను తీసి ఏజెంటు ఖాతా చూపించాడు. పేరు పక్కన నీలం టిక్కు.

"టిక్కున్నది గదన్నా. సర్కారోళ్లు ఇచ్చిందనుకున్న. బాపు లక్షా ఇరవై వేలు మిత్తికి తెచ్చి కట్టిండు."

మన ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైటులో లైసెన్సున్న ఏజెంట్ల జాబితా తీసి వెతికాం. ఆ పేరు లేదు. ఆ జాబితా చూడటానికి పైసా ఖర్చు లేదు, చూడాలని వాడికి చెప్పినవాళ్లూ లేరు.

విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెడదామని కూర్చున్నాం. నంబరు రాద్దామంటే పాస్‌పోర్టు కఫీల్ (యజమాని) దగ్గరుంది. వాట్సాప్‌లో చెల్లెలికి ఎప్పుడో పంపిన పాస్‌పోర్టు ఫోటో వెతికి తీశాడు. చివరి రెండు అంకెల మీద వెలుతురు పడి కనిపించలేదు. చెల్లెలికి ఫోన్ కలిపాడు, జిరాక్సు ఇంట్లో ఉందేమో చూడమని.