లోటు లెక్క, పొత్తు లెక్క

ఆంధ్రప్రదేశ్ విభజనానంతరము 2014-15 నాటి రెవెన్యూ లోటు రమారమి 16,000 కోట్లని రాష్ట్రము వాదింపగా దానిని నాలుగువేల కోట్ల చిల్లరకు కుదించి, 2018 మార్చిలో తెలుగుదేశము భాజపా కూటమిని వీడినను చలింపని కేంద్రము, 2023 మే మాసమున, తన పెక్కు బిల్లులకు మద్దతిచ్చిన వైసీపీ ప్రభుత్వమునకు 10,460 కోట్లను ఒక్కమాఱుగా విడుదల చేయుట, లోటును కొలిచెడి కొలబద్ద ఖజానాలో గాక లోక్‌సభలో నుండునేమోయను సందేహమును కలిగించుచున్నది.

2024 ఎన్నికలలో భాజపా సొంత ఆధిక్యము లేక 240 స్థానములకడనే ఆగిపోగా, కూటమికి మరలివచ్చిన పదునాఱుగురు సభ్యుల తెలుగుదేశమునకు విలువ పెరిగి, అమరావతికి 15,000 కోట్లు, పిమ్మట 2025 జనవరిలో మా విశాఖ ఉక్కు కర్మాగారమునకు 11,440 కోట్లు ప్రకటితములైనవి. బేరమున నిది తప్పని నేననను; సంఖ్యాబలమున్న నాడే అడుగవలెను గదా! మా పెందుర్తి కూడలిలో ఇరుపక్షములవారును ఘనత తమదనియే వాదింతురు గాని, అమరావతి సొమ్ములో అధికభాగము ప్రపంచబ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకుల ఋణమను మాట నొక్కరును ఎత్తరు.