బంగారు గనుల ఊరి వింతలు

కోలారు బంగారు గనులు అనగానే మనవాళ్ళకు నేలలో పచ్చగా మెరిసే ముద్దలు తలపునకు వస్తాయి. అక్కడికి పోయినవారికి మొట్టమొదట కనబడేది బంగారం కాదు, బూడిదరంగు గుట్టలు. బంగారుపేట జంక్షనులో (దీనికే ఒకప్పుడు బౌరింగుపేట అని పేరు) రైలెక్కి మారికుప్పం వైపు పది మైళ్ళు పోతే చాలు. చెట్టూ చేమా లేని ఆ గుట్టలను చూచి, మా పెట్టెలో ఒక పిల్లవాడు అవి ఏ దేవుడి కొండలని తాతను అడిగాడు. “దేవుడు చేసినవి కావు నాయనా, మిల్లు చేసినవి” అన్నాడాయన.

అది నిజమే. గనిలోని రాతిని పైకి తెచ్చి, పిండికొట్టి, సైనైడు ద్రావణంలో కరిగిన బంగారాన్ని తీసుకొని, మిగిలిన పిండిని పారబోసేవారు. నూరేళ్ళకు పైగా అలా పోగైనది మూడు కోట్ల టన్నులకు మించింది. దక్కిన బంగారమో, సుమారు 800 టన్నులు. గాలి కాలంలో ఆ పిండి లేచి ఇళ్ళలో, పిల్లల కళ్ళల్లో పడుతుంది. సినిమావాళ్ళు మాత్రం ఆ గుట్టలమీద చక్కగా పాటలు తీసుకొని పోతారు!

మరొక వింత దీపాల సంగతి. జాన్ టెయిలర్ కంపెనీవారు 1880లో ఇక్కడ కాలు పెట్టారు. వారి యంత్రాల కోసం మైసూరు ప్రభుత్వం శివసముద్రం దగ్గర కావేరీ జలంతో విద్యుత్తు పుట్టించి, తొంబై మైళ్ళ దూరం తీగలు లాగి 1902లో గనులకు ఇచ్చింది. బెంగుళూరు వీధులకు ఆ వెలుగు 1905లో గాని అందలేదు.

ఇక లోతు మాట. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా దిగింది. అంత లోతున రాతిని తాకితే చేయి కాలుతుంది; పైన గాలిని చల్లబరచి లోపలికి పంపేవారు. వేడికన్నా భయపెట్టేది రాయి పేలటం. పైబరువుకు ఓర్వలేక రాయి ఫెళ్ళున పగిలితే, ఊళ్ళో ఇళ్ళు కూడా అదిరేవి. ఆ పూట లోపలికి దిగినవాడి ఇంట్లో ఆడవాళ్ళ సంగతి చదువరులే ఊహించుకోవచ్చు.

ఆ లోతే శాస్త్రజ్ఞులకు పనికివచ్చింది. ఆకాశంనుండి పడే తక్కిన కిరణాలను రాతి పొరలు ఆపివేస్తాయి. న్యూట్రినో అనే కణం మాత్రం దేనికీ ఆగదు. టాటా పరిశోధన సంస్థవారు జపాను, ఇంగ్లండు దేశాలవారితో కలిసి 1965లో ఇక్కడ దాని జాడ పట్టారు. దక్షిణాఫ్రికాలో మరొక బంగారు గనిలోనూ ఆ యేడే దొరికింది.

భాషల ముచ్చటా చెప్పాలి. గని లైన్లలో తమిళం ఎక్కువ. ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు పోతే ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. చిత్తూరు జిల్లా పక్కనే కదా!

టన్ను రాతికి మూడు నాలుగు గ్రాములు దక్కటం కూడా కష్టమై, 2001 ఫిబ్రవరి 28న గనులు మూసివేశారు. నీళ్ళు తోడే పంపులు ఆగాక సొరంగాలు నిండిపోయాయి. ఇప్పుడు తెల్లవారకముందే రైళ్ళు నిండుతాయి. తాతలు భూమిలోకి దిగినచోటనుండి మనుమలు బెంగుళూరు పనులకు పోతున్నారు. పారబోసిన పిండిలోనూ కొంత బంగారం మిగిలి ఉన్నదట. దాన్ని మళ్ళీ తీయటానికి కర్ణాటక మంత్రివర్గం 2024లో ఒప్పుకొన్నది. తీస్తే ఆ రైళ్ళలో ఎన్ని సీట్లు ఖాళీ అవుతాయో, ఎంత దుమ్ము లేస్తుందో, గుట్టల కింద కాపురమున్నవారు లెక్క వేసుకొంటున్నారు.