నురుగుకు ఊపిరి

నురుగును మన సాహిత్యం ఏనాడూ పెద్దగా గౌరవించలేదు. క్షణికమైనదానికి ఉపమానం నీటిబుడగ, నిస్సారమైనదానికి నురుగు. ఒక్క ఇంద్రుడు మాత్రం దాని విలువ ఎరిగి, తడిదీ పొడిదీ కాని ఆయుధం అవసరమైనప్పుడు నీటి నురుగుతోనే నముచిని సంహరించాడు. ఏళ్ల తరబడి పిల్లలకు ఈ కథ చెప్పిన నాకు నురుగు చేసే పని ఏమిటో తెలిసింది మాత్రం మొన్నటి వేసవిలో, హైదరాబాదులో మా అబ్బాయి ఇంట్లో, అదీ ఒక చేప పోయిన తరువాత.

అబ్బాయి హాల్లో 300 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం ఉంది. రెండు క్లౌన్ చేపలు, కొన్ని పగడాలు, మా మనవడు నీలాంబరి అని పిలుచుకునే ఒక చిన్న నీలి డామ్సెల్. అడుగున బీరువాలో మరొక తొట్టి. దానినీ సంప్ అనే అంటారు. ఇంటి ముందు నీళ్లు నింపుకునే సంపుకు ఇది దూరపు చుట్టం. అందులో నిలబడి ఉండే యంత్రమే ప్రొటీన్ స్కిమ్మర్.

చేపల విసర్జనలోనూ మిగిలిన మేతలోనూ ఉండే మాంసకృత్తులకు ఒక విచిత్రమైన స్వభావం ఉంది. వాటి అణువులో ఒక భాగం నీటిని కోరుకుంటుంది, మరొక భాగం నీటికి దూరంగా తొలగుతుంది. అందుచేత గాలికీ నీటికీ మధ్య ఉన్న సంధిస్థలమే వాటికి నివాసం. వేల బుడగలు పుట్టిస్తే వాటిని అంటుకొని పైకి చేరి, గోధుమరంగు నురుగై, పైనున్న గిన్నెలో పడతాయి. చక్కెర పాకంలో చెంచాడు పాలు పోసి మురికిని తెట్టుగా తీసివేసే మన వంటవారికి ఇది కొత్త విద్య కాదు. ఉప్పునీటిలో బుడగలు ఒకదానితో ఒకటి తొందరగా కలిసిపోవు, సన్నగానే నిలుస్తాయి. మంచినీటి తొట్టెలలో ఈ యంత్రం అక్కరకు రాకపోవడానికి ముఖ్యకారణం అదే.

బుడగలను పుట్టించేది పంపు. నీరు ఇరుకు దారిలో వేగంగా పోయేచోట ఒత్తిడి తగ్గుతుంది. 1797లో వెంచురీ అనే ఇటలీ పండితుడు వివరించిన సంగతి ఇది. ఆ తగ్గిన ఒత్తిడి సన్నని గొట్టం గుండా బయటి గాలిని లోపలికి లాక్కుంటుంది. సూదుల వంటి ముళ్లున్న చక్రం ఆ గాలిని చిలికి పొడి చేస్తుంది. గాలి లాగే ఆ గొట్టం నిరంతరం బుసకొడుతూ ఉంటుంది. నా పడకకుర్చీ దానికి మూడడుగుల దూరంలో ఉండేది.

పిల్లలందరూ వారం రోజులు ఊరికి వెళ్లి చేపలను నాకు అప్పగించారు. మొదటిరోజే ఆ బుస భరించలేక గాలిగొట్టం మీదున్న చిన్న మరను సగానికి పైగా తిప్పాను. ఇల్లు ప్రశాంతమైంది. మరునాడు గిన్నె ఖాళీగా ఉంది. నీరు శుభ్రపడిందనుకొని సంతోషించాను! పైగా ప్రేమకొద్దీ మేత కాస్త ఎక్కువే వేశాను. నాలుగవ నాటి తెల్లవారుజామున చేపలన్నీ నీటిపైకి వచ్చి ఆత్రంగా నోళ్లు తెరుస్తున్నాయి. నీలాంబరి రాతి పక్కన ఒరిగి ఉంది.

అబ్బాయికి ఫోను చేశాను. మర పూర్తిగా తెరవమన్నాడు. తెరిచాను, బుడగలు రాలేదు. "గొట్టం చివర వేలు పెట్టి చూడు నాన్నా, లాగుతోందా?" అన్నాడు. లాగడం లేదు. గాలీ ఉప్పునీరూ కలిసే ముక్కు దగ్గర తుంపర ఎండి, ఉప్పు రాయిలా పేరుకుంది. గాలి ఉరవడి తగ్గితే అది మరింత త్వరగా పేరుకుంటుందట. గొట్టం ఊడదీసి, గోరువెచ్చని మంచినీటిలో కడిగి తిరిగి పెట్టగానే బుస మొదలైంది. యంత్రం పాలసముద్రంలా తెల్లబడింది. మరుక్షణమే మట్టం పొంగి మురికి అంతా గిన్నె దాటి సంప్‌లో పడబోయింది. నీరు బయటికి పోయే మర సవరించేదాకా చేతులు వణికాయి.

సంప్‌లో నీటిమట్టం పెరిగినా గాలి తగ్గుతుందని, పంపు చక్రానికి సున్నం పడితే వెనిగర్‌లో నానబెట్టాలని తరువాత తెలుసుకున్నాను. అబ్బాయి నన్ను ఓదార్చడానికి మరొక సంగతి చెప్పాడు. 2009లో అమెరికాలో కెన్ ఫెల్డ్‌మన్ అనే రసాయనశాస్త్ర ఆచార్యుడు కొలిచి చూస్తే, నీటిలోని సేంద్రియ కర్బనంలో ఈ యంత్రాలు తీయగలిగేది సుమారు 20–30 శాతమేనట. కాబట్టి తప్పంతా నీది కాదన్నాడు. కాని అదే యంత్రం నీటికి ప్రాణవాయువును కూడా అందిస్తుందని, రాత్రివేళ ఆ లోటు ఎక్కువని వాడు చెప్పకపోయినా అప్పటికే చదివేశాను. మేత అధికం చేసిందీ నేనే, ఊపిరి నొక్కిందీ నేనే.

ఆదివారం మనవడు వచ్చి చెప్పులైనా విప్పకుండా చేపలను లెక్కపెట్టాడు. ముసలితనం వల్ల పోయిందని చెబుదామా అని ఒక్క క్షణం నోటిదాకా వచ్చింది. జరిగినదే చెప్పాను. చాలాసేపు అద్దానికి ముక్కు ఆనించి నిలబడి, "చప్పుడు నచ్చకపోతే కుర్చీ జరుపుకోవచ్చు కదా తాతయ్యా!" అన్నాడు.

కుర్చీ ఇప్పుడు బాల్కనీలో ఉంది. ప్రతి ఆదివారం గొట్టపు ముక్కును వాడు కడుగుతాడు, నేను టార్చిలైటు పట్టుకుంటాను.