టాప్ కోయొద్దన్న అమ్మ

1930లలో కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత ఫోర్డు కార్లు కొని, బరువనిపించినవన్నీ పీకేసి, ఇంజన్‌కు బలం పెంచి, ఎండిన సరస్సుల్లో పందేలు వేసేవారు. వాటినే హాట్‌రాడ్లు అన్నారు. మనూరు మాత్రం తక్కువ తిందా? బూటు, బర్గర్ ఆకారాల్లో నడిచే కార్లు చేసిన సుధాకర్ గారు 2005లో 41 అడుగుల 7 అంగుళాల మూడు చక్రాల సైకిల్‌తో గిన్నిస్‌కెక్కారు.

ఇవన్నీ నాకు చెప్పింది ఎల్బీనగర్ కుర్రాడొకడు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి ముందు ఆరేళ్లుగా కదలని నాన్న ప్రీమియర్ పద్మినిని చూసి వాడి మనసు ఆగలేదు. "అన్నా, టాప్ కోసేద్దాం, పెద్ద ఇంజన్ ఎక్కిద్దాం!"

సుధాకర్ గారి బహదూర్‌పురా మ్యూజియంలో కార్లు చూడ్డానికి. మాది రోడ్డెక్కాలి. కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మకు ఆ తీర్పుతో పనిలేదు. "టాప్ తీసేస్తే అది మీ నాన్న కారెట్లా అవుతుందిరా?" అంది.

టాప్ మిగిలింది. కుర్రాడూ మిగిలాడు, ఇంకో ముగ్గుర్ని వెంటేసుకొచ్చాడు. ఇక ప్రతి ఆదివారం పానాల చప్పుడే. పక్కింటి రిటైర్డ్ బాబాయిగారు కార్బురేటర్‌ను పాత టూత్‌బ్రష్‌తో తోముతారు, ఎవర్నీ ముట్టుకోనివ్వరు. స్టీరింగ్ పక్కనుండే గేరు కడ్డీ బిగుసుకుపోతే, దాన్ని విప్పడానికే రెండు ఆదివారాలు పట్టింది. కూలి అడిగినవాడు లేడు. అమ్మ ఉప్మా మాత్రం రెండోసారి అడుగుతారు.

ఆ 1089 సీసీ ఇంజన్ మొన్న దగ్గి, పొగ కక్కి, ఆగకుండా తిరిగింది. బ్రేకులింకా పట్టడం లేదు. చక్రాల సిలిండర్ల రబ్బర్ల కోసం కుర్రాడు పాత సామాన్ల కొట్లు వెతుకుతున్నాడు.